ధాతుమూలాన్వేషి హ్రాచియా అచార్యన్ – అర్మేనియను భాషలోని దేహావయవ శబ్దములు

అచార్యన్ అను పేరు చెవినిబడినంతనే సంస్కృతము చదివినవానికి ఆచార్య శబ్దము స్ఫురింపక మానదు. ఈ వ్యాసకర్తకును మొదట నట్లే స్ఫురించినది. కాని అది భ్రమ. అర్మేనియనుల యింటిపేరులు ప్రాయికముగా 'యన్' అను ప్రత్యయముతో ముగియును. ఆచార్య శబ్దమునకును ఈ యింటిపేరునకును ధ్వనిసామ్యము తప్ప వేఱు బంధుత్వము లేదు. వినుటకు ఒక్కటిగా నుండుట వేఱు, ఒక్క మూలమునుండి పుట్టుట వేఱు. ఈ వివేకమును తన భాషకు సంబంధించినంతవరకు శాస్త్రముగా స్థాపించుటకై డెబ్బదియేడేండ్ల జీవితమును ధారవోసిన పండితుడు హ్రాచియా అచార్యన్. ఆయన చరిత్రమును, ఆయన జీవితకాల పరిశ్రమమునకు ఉదాహరణముగా అర్మేనియను భాషయందలి దేహావయవ శబ్దముల మూలవిచారమును సంగ్రహముగా నిట ప్రస్తావింపబడుచున్నవి.

అర్మేనియనులు మనకు కేవలము అపరిచితులు కారు. మద్రాసు నగరమందలి అర్మేనియను వీధియు, అందలి వారి పురాతన దేవాలయమును పెక్కురు ఎఱిగినవే. అర్మేనియను భాషలో ప్రపంచమున మొట్టమొదటగా వెలువడిన పత్రిక 'అజ్దరార్' 1794లో ఆ మద్రాసులోనే అచ్చయినది. అయినను వారి భాష సంస్కృతమునకు దూరపు బంధువని యెఱిగినవారు మనలో మిక్కిలి తక్కువ. ఆ బంధుత్వమును తెలిసికొనుటకు అచార్యన్ జీవితచరిత్రమే సులభమైన మార్గము.

జననము – విద్యాభ్యాసము

అచార్యన్ 1876 మార్చి 8వ తేదీన కాన్‌స్టాంటినోపిల్ నగరమున, అర్మేనియనులు అధికముగా నివసించు సమాత్యా పేటలో జన్మించెను. తండ్రి హకోబ్ చెప్పులు కుట్టి జీవించు పనివాడు. బాలుని చిన్నతనముననే ఒక కన్ను చూపు కోల్పోయెను. హ్రాచియా అను పేరునకు అగ్నినేత్రుడని అర్థము చెప్పుట ప్రాచీన చరిత్రకారుడగు మోవ్సేస్ ఖొరెనాత్సి కాలమునుండియు వాడుక. ఆ పేరుగల బాలుడు ఒంటికంటితోనే లక్షలకొలది మాటలను తాటించి, తూచి, వ్రాసిపెట్టవలసినవాడయ్యెను.

పేటలోని పాఠశాలలయందు ఫ్రెంచి, తురుష్క, పారసీక భాషలు నేర్చి, పిమ్మట గలాటాలోని కేంద్ర విద్యాలయమున 1893లో చదువు ముగించెను. కొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండి, కరీన్ పట్టణమున, అనగా ఎర్జురుమ్ నందు, సనసారియన్ విద్యాలయములో బోధించెను. అనంతరము 1895లో పారిసు నగరమునకు పోయెను. చేత ధనము లేదు. భాషలయందు తృష్ణ మాత్రమున్నది.

గురుద్వయము

ఆయన కిరువురు గురువులు లభించిరి. పారిసులో ఆంట్వాన్ మెయ్యే. 1898లో స్ట్రాస్‌బర్గునందు హైన్‌రిఖ్ హ్యూబ్ష్‌మన్. ఇరువురును అర్మేనియను భాషనే తమ ముఖ్య క్షేత్రముగా నెంచినవారు. శిష్యుని జీవితము తెలియవలెనన్న ఈ రెండవ గురువు చేసిన పని ముందుగా తెలియవలెను.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున బాప్ మొదలగు తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులు అర్మేనియను భాషను ఇరానీయ శాఖలో నొక ఉపశాఖగా నెంచుచుండిరి. అట్లెంచుటకు కారణము లేకపోలేదు. పార్థియను వంశీయులగు అర్షకులు క్రీ. శ. 428 వఱకు అర్మేనియాను పాలించిరి. రాజ్యము, సైన్యము, న్యాయము, వస్త్రము, ఆయుధము – వీనికి సంబంధించిన మాటలు వేనవేలు ఇరానీయమునుండి అర్మేనియనులోనికి ప్రవహించినవి. భాషను పైనుండి చూచువానికి అది పారసీకమునకు కూతురువలెనే కనబడును. ఇట్టి స్థితిలో హ్యూబ్ష్‌మన్ 1875లో ప్రకటించిన ఒక్క వ్యాసముతో అర్మేనియను ఇరానీయము కాదనియు, ఇండో-యూరోపియను కుటుంబమున నది స్వతంత్రమగు నొక శాఖయనియు నిరూపించెను. 1890 తరువాత వెలువడిన తన వ్యుత్పత్తి గ్రంథములో ఆయన పారసీకమునుండి వచ్చిన మాటలు 686 అనియు, భాషకు స్వకీయములని దృఢముగా చెప్పదగినవి 438 అనియు లెక్క తేల్చెను. ఎరువు మాటలకంటె సొంతమాటలు తక్కువ. అయినను భాష ఎవరిదో నిర్ణయించునవి ఆ తక్కువ మాటలే. వానిలో ముఖ్యమైనవి సర్వనామములు, సంఖ్యావాచకములు, బంధువాచకములు, దేహావయవ నామములు.

అవయవ శబ్దముల సాక్ష్యము

మనుష్యుడు రాజును మార్చుకొనును, మతమును మార్చుకొనును, వస్త్రమును మార్చుకొనును. తన కాలికిని గుండెకును పేరు మార్చుకొనుట అరుదు. తల్లి బిడ్డకు మొదట నేర్పు మాటలలో ఈ నామములు చేరును. అందుచేతనే అచార్యన్ తన గురువుల మార్గమున ఈ శబ్దములను మిక్కిలి శ్రద్ధతో పరిశీలించెను. వానిలో కొన్ని సంస్కృతజ్ఞులకు ఆనందము కలిగించును.

పాదమునకు ప్రాచీన అర్మేనియనులో 'ఒత్న్' అని పేరు. సంస్కృత 'పద్' శబ్దముతో దీనికి పోలిక యేమి యని పైపైన చూచువారు శంకింతురు. కాని మూలభాషలో పదాదియందున్న పకారము అర్మేనియనులో హకారమగుటయో, లోపించుటయో నియమము. పితృ శబ్దమునకు సమానమగు మాట 'హయ్ర్'; పంచ శబ్దమునకు సమానము 'హింగ్'. పకారమును చేర్చి, దకారమునకు తకారమాదేశముగా గ్రహించినచో 'ఒత్న్' అనునది పద్ శబ్దమే. అడుగుజాడకు పేరగు 'హెత్' అనునదియు ఆ మూలమునుండి పుట్టినదే. ఇందు మఱియొక సూక్ష్మమున్నది. మూలభాషలోని అ, ఎ, ఒ అను మూడు హ్రస్వస్వరములును సంస్కృతమునందును ఇరానీయమునందును అకారమున కలిసిపోయినవి. గ్రీకు, లాటిన్ భాషలలో వేఱుగా నిలిచినవి. అర్మేనియనులో ఒకచోట ఒకారమును మఱియొకచోట ఎకారమును నిలిచియున్నవి. పారసీకమునుండి ఎరువు తెచ్చుకొన్న మాటలయినచో ఆ స్వరములు అట నుండుటకు వీలులేదు. 'ఒస్క్ర్' అను ఎముక పేరును అంతియే. సంస్కృత 'అస్థి'లో అకారముండగా, అర్మేనియనులోను గ్రీకులోను ఒకారమున్నది.

హృదయమునకు పేరు 'సిర్త్'. సంస్కృత 'హృద్', అవెస్తా భాషలోని 'జెరెద్' – ఇవి రెండును నాదాక్షరముతో మొదలగు మూలమును చూపును. గ్రీకు, లాటిన్ భాషలు కకారమును చూపును. ఆ తాలవ్యకకారము సంస్కృతమున శకారమగును, అర్మేనియనున సకారమగును. కావున 'సిర్త్' అనునది ఇరానీయుల మాటకు చెందక, గ్రీకు లాటిన్ మాటల పక్షమున చేరినది. అయితే సంస్కృతమున ఆ శకారరూపము పూర్తిగా నశించినదా? 'శ్రద్ధా' శబ్దమందలి 'శ్రత్' అను పూర్వభాగము ఆ మూలమునకు చెందినదేయని పెక్కురు పండితుల మతము. హృదయమును నిలుపుట శ్రద్ధ యని చెప్పినయెడల మనవారికి వ్యాఖ్యానమక్కఱలేదు.

మోకాలికి పేరు 'ౘున్ర్'. దంత్యమగు చకారమును తెలుగువారు ౘలి, ౘుక్క అను మాటలలో పలుకుదురు గావున ఈ ధ్వని మనకు కష్టము కాదు. సంస్కృత 'జాను'లోని జకారము అర్మేనియనులో ఈ ౘకారమగును. చేతికి పేరు 'ౙెఱ్న్'. ఇందలి ౙకారము మన ౙడ, ౙున్ను మాటలలోని దంత్య జకారము. సంస్కృతమున హకారముగా మాఱిన తాలవ్య ఘకారము అర్మేనియనున ఇట్లగును. హిమ శబ్దమునకు బంధువగు మంచు పేరును ఈ ౙకారముతోనే మొదలగును. 'హస్త' శబ్దమునకు మూలమగు ధాతువే, వేఱు ప్రత్యయముతో, 'ౙెఱ్న్' అయినదని నిర్ణయము. గ్రీకు భాషలోని చేతి పేరు దీనికి మిక్కిలి సన్నిహితము.

దంతమునకు 'అతమ్న్', కాలేయమునకు 'లెఅర్ద్', మాంసమునకు 'మిస్', స్తనమునకు 'స్తిన్', శ్మశ్రువునకు 'మౌరుఖ్', స్వేదమునకు 'ఖిర్త్న్', గోటికి 'ఎళుంగ్న్'. ఈ చివరిది మన నఖ శబ్దమునకు దూరపు చుట్టము. స్వేద శబ్దమందలి స్వకారము ఖకారమగుట చూచి ఆశ్చర్యపడువారు స్వసృ శబ్దమునకు అర్మేనియనులో 'ఖొయ్ర్' అని యుండుట చూచి నియమమును గ్రహింపవచ్చును. ఒకచోట జరిగిన మార్పు వేఱొకచోటను జరిగినపుడే అది నియమము, లేనిచో యాదృచ్ఛికము.

వీనియన్నిటిలో నాకు మిక్కిలి ప్రీతికరమైనది నడుము పేరు. 'మేజ్' అనగా మధ్యము. దానికి బహువచన ప్రత్యయము చేర్చిన 'మేజ్ఖ్' అనగా నడుము. సంస్కృతమునను మధ్య శబ్దమునకు నడుమని అర్థము. సుమధ్యమ యని కావ్యనాయికలను వర్ణింపని కవి లేడు. ధ్యకారము జకారమగుట ప్రాకృతమునందును కలదు. అచ్చ తెలుగు 'నడుము' సైతము నడిమి భాగమను అర్థమునుండి వచ్చినదే. ఇచట తెలుగునకు శబ్దబంధుత్వము లేదు, భావసామ్యము మాత్రమే. ఈ రెంటిని వేఱుపఱచుటయే శాస్త్రము.

అన్ని శబ్దములును నియమమునకు ఇంత సులభముగా లొంగలేదు. నాలుకకు పేరగు 'లెజు' జిహ్వా శబ్దముతో సరిగా పొసగదు. నాకుట యను అర్థమున అర్మేనియనులోనున్న క్రియ సంస్కృత 'లిహ్' ధాతువునకు బంధువు. నాలుక పేరు ఆ క్రియ ప్రభావముచే రూపు మార్చుకొన్నదని సమాధానము. చెవికి పేరగు 'ఉంక్న్' అనునది కంటికి పేరగు 'అక్న్' శబ్దమును అనుకరించి తీరుమాఱినది. అవయవములు దేహమునందువలెనే భాషయందును ఒకదాని నొకటి అంటిపెట్టుకొని యుండును.

ఇక నిజముగా ఎరువుమాటలును కలవు. ముఖమునకు 'దేమ్ఖ్', బాహువునకు 'బజుక్', కేశములకు 'గేస్' – ఇవి ఇరానీయమునుండి వచ్చినవి. 'గేస్' వినగానే 'కేశ' యని గంతువేయు సంస్కృతాభిమానిని అచార్యన్ పద్ధతి ఆచితూచి అడుగువేయుమని నిలుపును. పద మేదారిని వచ్చినదో తెలియనిదే బంధుత్వమును చెప్పరాదు.

మాండలిక సంగ్రహము

చదువు ముగించి అచార్యన్ యూరపులో నిలువలేదు. ఎచ్మియాజిన్ మఠమునకు చెందిన గెవోర్గియన్ విద్యాపీఠమున బోధకుడుగా చేరెను. తరువాత షూషి, నోర్ బయజెత్, దోన్ నదీతీరమందలి నోర్ నఖిచెవాన్, తబ్రీజ్, టెహరాన్ – ఇట్లు ఇరువదియేండ్లకు పైగా ఒకచోట కుదురుకొనక ఉపాధ్యాయవృత్తితోనే జీవించెను. ఈ సంచారము ఆయనకు కష్టమే యయినను శాస్త్రమునకు వరమయినది. ఎచ్చటికి పోయినను అచటి రైతులు, కమ్మరులు, ముసలమ్మలు పలుకు మాటలను వ్రాసికొనుచుండెను. గ్రంథభాషయందు లోపించిన మాట పల్లెనోట బ్రతికియుండవచ్చుననియు, గ్రంథభాషలోని మాటకు పల్లెలోని ఉచ్చారణ ప్రాచీనరూపమును చూపవచ్చుననియు ఆయన విశ్వాసము. 1909లో పారిసునందు అర్మేనియను మాండలికముల వర్గీకరణమును ఫ్రెంచి భాషలో ప్రకటించెను. వర్తమానక్రియను కల్పించు ప్రత్యయమును ఆధారముగా గొని మాండలికములను మూడు శాఖలుగా విభజించిన ఆ వర్గీకరణము నేటికిని పండితులకు ఆరంభస్థానము. 1913లో తిఫ్లిస్ నగరమున ప్రాంతీయ పదకోశము వెలువడెను.

మఱి రెండేండ్లకు, 1915లో, ఓటోమన్ సామ్రాజ్యమున అర్మేనియనుల సంహారము ఆరంభమయ్యెను. ఊళ్లకు ఊళ్లు శూన్యమయినవి. చంపబడినవారు పోగా మిగిలినవారు ఎడారిదారులవెంట చెల్లాచెదరైరి. ఊరు పోయిన వెంటనే ఆ యూరి మాటయు పోవును. ఏ తల్లి ఏ బిడ్డకు ఏ యాసతో కన్నును, చేతిని, మోకాలిని చూపి పేరు చెప్పెనో, ఆ తల్లియు లేదు, ఆ బిడ్డయు లేడు. కొన్ని మాండలికముల ఉనికికి అచార్యన్ సేకరించిన మాటలును వివరణములునే ముఖ్యమైన సాక్ష్యములుగా మిగిలినవి. పదకోశము వ్రాయునపుడు అది శ్రాద్ధకర్మవంటి దగునని ఆయన యెఱుగడు. తరువాతి కాలమున వాన్, హంషెన్, కాన్‌స్టాంటినోపిల్ మొదలగు ఊళ్ల మాండలికములకు వేఱువేఱు గ్రంథములు రచించెను. ఇస్ఫహాన్ చెంతనున్న నవజుల్ఫా మాండలికమును గూర్చిన గ్రంథమును వానిలో చేరినది. మద్రాసు, కలకత్తా నగరములకు వచ్చిన అర్మేనియను వర్తకులలో పెక్కురు ఆ జుల్ఫా వంశీయులే గావున ఆ గ్రంథము మనకును పరాయిది కాదు.

ధాతుకోశము

1923లో యెరెవాన్ విశ్వవిద్యాలయము ఆయనను ఆహ్వానించెను. నలువదియేడేండ్ల వయస్సున ఆయనకు స్థిరనివాసము లభించినది. జీవితశేషమంతయు అచటనే గడచెను. అనేక సంవత్సరములుగా కూర్చుచు వచ్చిన 'అర్మేనియను ధాతుకోశము' 1926 మొదలు 1935 వఱకు ఏడు సంపుటములుగా వెలువడినది. సాధారణమగు అచ్చునకు వసతి లేక, హస్తలిఖిత ప్రతినే నకళ్లు తీయించి, కొలది ప్రతులు మాత్రమే సిద్ధపఱుపగలిగిరి. చక్కని అచ్చుతో నాలుగు సంపుటములుగా రెండవ ముద్రణము వచ్చునప్పటికి 1971 నుండి 1979 వఱకు కాలము పట్టినది. అప్పటికి గ్రంథకర్త లేడు.

ఆ కోశములో ప్రతి శబ్దమునకును ఒక్క క్రమము. మొదట ధాతువు, దాని యర్థములు, ప్రాచీన గ్రంథములలో ప్రయోగస్థానములు. పిమ్మట దానినుండి పుట్టిన సమాసములు, తద్ధితములు. తరువాత వ్యుత్పత్తినిర్ణయము. ఆపైన, పూర్వులు ఆ శబ్దమును గూర్చి చెప్పిన మతములన్నియు, తప్పులయినను సరే, కాలక్రమమున చెప్పినవాని పేరుతో. అనంతరము మాండలిక రూపములు. చివర, ఆ మాట పొరుగు భాషలలోనికి ఎరువు పోయినచో ఆ వివరము. మన మీమాంసకులు పూర్వపక్షమును పూర్తిగా వినిపింపక సిద్ధాంతము చెప్పరు. ఆ న్యాయము అచార్యన్ కోశమున ప్రతి పుటయందును కనబడును. పారిసు గురువు మెయ్యే ఈ గ్రంథమును చూచి, ఏ భాషకును ఇంతటి సమగ్రమగు వ్యుత్పత్తికోశము లేదను భావమును వెల్లడించెను.

ఈ కోశము వెలువడిన కాలము దానికి అనుకూలమైనది కాదు. సోవియట్ దేశమున అపుడు నికొలాయ్ మార్ అను పండితుని వాదము రాజాశ్రయము పొందియుండెను. మార్ సామాన్యుడు కాడు. అర్మేనియను, జార్జియను భాషలయందు మహాపండితుడు. అని నగర శిథిలములను త్రవ్వించినవాడు. కాని తుదిదశలో ఆయన ఇండో-యూరోపియను కుటుంబమను భావమునే నిరాకరించి, ప్రపంచభాషలలోని మాటలన్నియు సల్, బెర్, యోన్, రోష్ అను నాలుగు మూలాక్షరముల వికారములని వాదించెను. ఆ లెక్కను ఏ మాటనైనను ఏ మాటతోనైనను ముడివేయవచ్చును. ధ్వనినియమముల పని లేదు. ఆ సిద్ధాంతమును ఒప్పుకొన్నవారికి పదవులు; ఒప్పుకొననివారిపై బూర్జువా శాస్త్రజ్ఞులను ముద్ర. అచార్యన్ తన పద్ధతిని విడువలేదు. స్ట్రాస్‌బర్గులో నేర్చిన ధ్వనినియమములనే ఏడు సంపుటములయందును అనుసరించెను. కోపముతో ప్రతివాదము వ్రాయుటకంటె పని పూర్తిచేయుటయే ఆయన యెంచుకొన్న సమాధానము.

కారాగారము – విముక్తి

1937లో సోవియట్ దేశమంతటను చెలరేగిన నిర్బంధకాండ అర్మేనియాను తాకెను. మహాకవి యెగిషే చారెంత్స్ ఆ యేడే కారాగారమున మరణించెను. అఱువదియొక్కయేండ్ల అచార్యన్ సైతము అసత్యారోపణములతో బంధింపబడెను. పారిసు, స్ట్రాస్‌బర్గు, టెహరాన్ – చదువునకును ఉద్యోగమునకును ఆయన తిరిగిన ఊళ్లే ఆ కాలపు అధికారుల దృష్టిలో అనుమానాస్పదములు. విదేశభాషలు అనేకము తెలిసియుండుటయే అనుమానమునకు చాలు. రెండేండ్లకు పైగా బంధనమున నుండి, 1939 చివర విడుదలయ్యెను.

విడుదలయైన వెంటనే విశ్వవిద్యాలయమునకు మరలివచ్చి, ఆగిపోయిన పనిని అందుకొనెను. తరువాతి పదునాలుగేండ్లలో ఆ వృద్ధుడు చేసిన పని యువకులకును అసాధ్యము. అర్మేనియను భాషాచరిత్ర మొదటి భాగము 1940లోను, రెండవది 1951లోను వెలువడినవి. వ్యక్తినామకోశము 1942 మొదలు అయిదు సంపుటములుగా వచ్చినది. 1943లో అర్మేనియా విజ్ఞానపరిషత్తు స్థాపింపబడినపుడు ఆయన దాని ప్రథమ సభ్యులలో నొకడు. 562 భాషలతో సరిపోల్చి రచించిన అర్మేనియను సమగ్రవ్యాకరణము 1952 నుండి అచ్చగుట ఆరంభించెను. దాని ముద్రణము ముగియుట ఆయన చూడలేదు. మార్ వాదము 1950లో రాజ్యముచేతనే నిరాకృతమైనది. ఇది మాత్రము ఆయన చూచెను. ధ్వనినియమము ఎవరి ఆజ్ఞచేతను తప్పు కాలేదు, ఎవరి ఆజ్ఞచేతను ఒప్పు కాలేదు. ఆజ్ఞ వచ్చుటకు ముందును అది అట్లే యుండెను. 1953 ఏప్రిల్ 16న అచార్యన్ యెరెవాన్ నగరమున దివంగతుడయ్యెను. అచటి భాషాపరిశోధనసంస్థకు ఆయన పేరు పెట్టిరి. గెవోర్గ్ జాహుక్యన్ మొదలగు తరువాతి పండితులు ఆయన నిర్ణయములలో కొన్నింటిని సవరించిరి, కొన్నింటిని త్రోసిపుచ్చిరి. కాని ఆయన కోశమును ముందుంచుకొనకుండ ఎవరును సవరింపలేకపోయిరి.

వ్యుత్పత్తి తెలియని మాటలు

అచార్యన్ కోశమున నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఆయన కనుగొన్న మూలములు కావు. కనుగొనలేదని ఒప్పుకొన్న చోట్లు. పూర్వుల మతములు పది వ్రాసి, వానిలో ఏదియు నిలువదని చూపి, మూలము అజ్ఞాతమని ముగించిన సందర్భములు ఆ గ్రంథమున అనేకము. సాధారణమగు అవయవనామములలోను కొన్నింటికి మూలము తేలలేదు. ముక్కునకు పేరగు 'ఖిథ్' అట్టిది. ముఖమధ్యమున నిత్యము కనబడుచున్నను దాని పేరు ఎచటనుండి వచ్చినదో దృఢముగా చెప్పుటకు వీలుకాలేదు. ఏదో యొక పోలిక చూపి మెప్పు పొందుట ఆయనకు కష్టము కాదు, అంతటి పాండిత్యమున్నది. అయినను చెప్పలేదు.

మన శాస్త్రమున ఈ ప్రశ్న అతి ప్రాచీనమైనది. నామములన్నియు ధాతుజములేయని శాకటాయనుడును నిరుక్తకారులును నిశ్చయించిరి. అన్నియు కావని గార్గ్యుడును వైయాకరణులలో కొందఱును వాదించిరి. యాస్కుడు అర్థమును ప్రధానముగా నెంచి, అక్షరసామ్యమైనను ఆధారముగా గొని నిర్వచింపవలెననియు, నిర్వచింపకుండ విడువరాదనియు బోధించెను. వేదార్థజ్ఞానమే ప్రయోజనమగుటచే ఆ శాస్త్రమునకు ఆ మార్గము తగినది. భాషాచరిత్రమును కోరువానికి మాత్రము గార్గ్యుని సంశయమే శరణ్యము. ఉణాది శబ్దములను అవ్యుత్పన్న ప్రాతిపదికములుగా గ్రహించు పక్షము మహాభాష్యమున కలదు. తెలియని మూలమును తెలియనిదిగా నిలుపుట మన వైయాకరణులకును క్రొత్త కాదు. అచార్యన్ ఆ పక్షమును ఎఱుగకయే పాటించెను.

ఈ విషయము మన తెలుగునకును తగులును. పాఠశాలలో మేము చదువుకొన్న దినములలో ఆంధ్రభాషకు సంస్కృతమే ప్రకృతి యను మాటను శంకింపక గ్రహించితిమి. సభ, శాస్త్రము, కావ్యము, దేవాలయము – ఎటు చూచినను తత్సమములే కనబడినపుడు శంక ఎట్లు కలుగును? అర్మేనియనును పారసీకమునకు కూతురనుకొన్నవారికి జరిగినది అదియే. కాని కన్ను, ముక్కు, చెవి, పల్లు, కాలు, చేయి – ఈ మాటలు అక్షి, నాసిక, కర్ణ, దంత, పాద, హస్త శబ్దములనుండి ఏ నియమముచేతను పుట్టవు. తమిళ కన్నడములయందు వాని తోబుట్టువులు కలవు. ఈ సంగతిని ఎల్లిస్ దొర 1816లో మద్రాసులోనే నిరూపించెను. హ్యూబ్ష్‌మన్ వ్యాసమునకు అది సుమారు అఱువదియేండ్లు ముందు. సంస్కృతము తెలుగునకు తల్లి కాదనుట సంస్కృతమునకు అవమానము కాదు, పారసీకము అర్మేనియనునకు తల్లి కాదనుట పారసీకమునకు అవమానము కానట్లే. సంస్కృతము తెలుగును పెంచి పోషించిన తల్లి, కన్నతల్లి వేఱు. ఈ మాటను ఒప్పుకొనుటకు నాకు చాలకాలము పట్టినది. ఇప్పటికిని సంకోచించు విద్వాంసులను నేనెఱుగుదును.

అట్టివారిని అచార్యన్ కోశమునుగాని, దానిని ఆధారముగా గొనిన తరువాతి గ్రంథములనుగాని ఒకమాఱు పరిశీలింపుడని కోరుచున్నాను. తెలుగునకు అంతటి ధాతుకోశము, ప్రతి శబ్దమునకు పూర్వపక్షముతోను, మాండలికరూపములతోను, తెలియనిచోట తెలియదను మాటతోను కూడినది, ఒక్క మనుష్యుని జీవితమున పూర్తికావలెనన్న నియమము లేదు. మన కళాశాలలలోని అధ్యాపకులు తమ తమ ఊళ్లలోని వృద్ధుల నోట వినబడు అవయవనామములనైనను ముందు వ్రాసిపెట్టిన చాలును. ఆ వృద్ధులు ఎల్లకాలమును ఉండరు.